కిరాయి అన్న మాట

రెండు వేల పదహారు డిసెంబరు ఇరవై నాలుగున వాళ్లు మిద్దె మీద కూర్చుని జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిన్నారు. తెల్లారితే క్రిస్మస్. ఇంట్లో గర్జెల్లాంటి పిండివంటలు చేసుకోవాల్సిన రోజు. కానీ రూతు పొద్దున్నుంచీ కొత్త టీవీ డిష్షు పని చుట్టూనే తిరుగుతూ, పొయ్యి ముట్టించనే లేదు. అది కనిపెట్టి, కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ హన్మవ్వ రొట్టెలు గుడ్డలో చుట్టుకుని, పప్పు గిన్నె పట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. యాకూబు, అతని భార్య రూతు, డిష్షు బిగించడానికి కామారెడ్డి నుంచి వచ్చిన భీమేష్ ఒకే గిన్నెలోంచి వేసుకుని తిన్నారు. హన్మవ్వ నీళ్ల ట్యాంకు నీడన కూర్చుని, ఇంకో రొట్టె తినమని ముగ్గురినీ వరసగా గదమాయించింది.

యాకూబు అప్పట్లో ఎల్లారెడ్డి జూనియర్ కాలేజీలో గుమస్తా. రూతు ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. డిష్షు ఆమె సొంత సంపాదన మీద వచ్చింది. భీమేష్ రెండు దారులు చెప్పాడు. కంపెనీ సామాను కిరాయికి పెట్టుకుంటే చేతినుంచి పెద్దగా పడదు, చెడిపోతే వాళ్లే చూసుకుంటారు, వద్దనుకున్న రోజు పట్టుకుపోతారు. లేదంటే డిష్షు, టీవీ పక్కన పెట్టే డబ్బా రెండూ సొంతానికి కొనుక్కోవచ్చు. ఆ వాడలో అందరూ మొదటి దారే పట్టారు. యాకూబు కూడా అదే మేలన్నాడు. రూతు ఒప్పుకోలేదు.

"ఉండే ఇల్లు కిరాయిది. మన పెండ్లికి ఏసిన షామియానా కిరాయిది. నన్ను చూసుటానికి నువ్వు తొక్కుకుంట ఒచ్చిన సైకిలు సుత కిరాయిదేనాయె. గిదొక్కటన్న మనది ఉండనియ్యి" అంది.

హన్మవ్వ పక్కనే ఉంది. "నా ముంగటనే నా కిరాయిని తిడ్తున్నవా బిడ్డా?" అని నవ్వింది.

రూతు అంతటితో ఆగలేదు. బిగించకముందే ఆ డిష్షును భీమేష్ నెత్తిన పెట్టించి, బజారులో గిన్నెల దుకాణానికి తీసుకుపోయింది. కొత్త గిన్నె కొంటే దాని మీద పేరు కొట్టించుకోవడం అక్కడ ప్రతి ఇంట్లో ఉన్నదే. ఎవరికైనా కానుకగా పెడితే పెట్టినవాళ్ల పేరు కొట్టిస్తారు. కిరాయికి తెచ్చిన గుండిగల మీద మాత్రం దుకాణంవాడి పేరే ఉంటుంది. ఆ లెక్కన తన డిష్షు మీద తన పేరు ఉండాలని రూతు పట్టు. ఇందులో ఏం కూర వండుతావమ్మా అని దుకాణదారు నవ్వుతూనే, డిష్షు వెనకవైపు చుక్కచుక్కగా 'రూత్' అని కొట్టి ఇచ్చాడు. భీమేష్ దాన్ని మళ్లీ నెత్తిన పెట్టుకుని వస్తుంటే బజారంతా చూసింది. అతను సిగ్గుపడ్డాడు గానీ విసుక్కోలేదు. ఆ విసుక్కోకపోవడాన్ని యాకూబు చాలాకాలం గుర్తుపెట్టుకున్నాడు.

తర్వాత యాకూబుకు కామారెడ్డికి బదిలీ అయింది. అక్కడ దొరికిన ఇల్లు పెద్ద బిల్డింగులో. డాబా మీద ఎవరి డిష్షూ పెట్టనివ్వరు, అందరికీ ఒకటే కేబులు. ఉన్నదాన్ని దించి అమ్మేద్దామా అని యాకూబు అడిగితే రూతు ఆ మాట పూర్తి కానివ్వలేదు. డిష్షును మిద్దె మీదే ఉంచి, డబ్బా, రిమోటు కిందికి తీసుకెళ్లి హన్మవ్వ టీవీకి తగిలించి వచ్చింది. ఇన్నేళ్లూ నేను నీకు కిరాయి కట్టాను, దీనికి నువ్వు నాకు కట్టేదేం లేదు, ఇది ఇక నీదే అని ఆమెతో చెప్పిందట.

కామారెడ్డిలో రూతు ఎక్కువ కాలం ఉండలేదు. జబ్బు చేసి, ఒక వేసవిలో పోయింది. ఆ రోజు హన్మవ్వ ఎల్లారెడ్డి నుంచి గుడ్డలో చుట్టిన రొట్టెలతో వచ్చింది. ఏడ్చేవాళ్ల మధ్య ఆమె ఒక్కతే యాకూబు ఏమైనా తిన్నాడా అని అడిగింది.

ఈ ఏడు వానలు తగ్గాక, ఒక ఉదయం హన్మవ్వ ఫోన్ చేసింది. ఎప్పుడూ ముందు క్షేమం అడిగే మనిషి ఆ రోజు అడగలేదు.

"సారూ, రూతు డిష్షు గుంజుకపోతందుకు ఒచ్చిండ్రు. నువ్వు ఒస్తేగాని మెట్ల తలుపు తియ్య" అని పెట్టేసింది.

యాకూబు వెంటనే బస్సెక్కాడు. తాడ్వాయి దాటేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత ఒకావిడ పిల్లను ఒళ్లోకి తీసుకుని అతనికి చోటిచ్చింది. లోకంలో ఇంకా ఇలాంటివి ఉన్నాయనుకుంటూ కూర్చున్నాడు గానీ మనసు కుదుటపడలేదు. రూతు బట్టలు ఎవరెవరికో ఇచ్చేశాడు. కుట్టుమిషను మేనకోడలికి పంపాడు. రూతు తన కష్టంతో కొని, పట్టుబట్టి పేరు కొట్టించుకున్నది లోకంలో ఆ ఒక్క డిష్షే. అది కిరాయి సామానుల్లో కలిసి ఏ గోదాములోకో పోతే ఇక ఆ పేరు ఎక్కడా ఉండదు.

వాడలోకి వెళ్లేసరికి నలుగురూ గుమిగూడి ఉన్నారు. హన్మవ్వ మెట్ల కింద పీట వేసుకుని, తాళంచెవి బొడ్లో దోపుకుని కూర్చుంది. ఎదురుగా కంపెనీ తరఫు ఏజెన్సీ మనిషి దేవేందర్, చెమటతో తడిసిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. గొడవలో ఉండి కూడా అతను చెప్పులు గడప బయటే విడిచి వచ్చాడు. యాకూబు అది చూసి కోపం సగం తగ్గించుకున్నాడు.

జరిగింది దేవేందర్ చెప్పాడు. కోతులు డిష్షు పట్టుకుని ఊగడంతో అది పక్కకు తిరిగి టీవీలో బొమ్మ ఆగిపోయింది. హన్మవ్వ తెర మీద కనిపించిన నంబరుకు ఫోన్ చేయించింది. అటువైపు అమ్మాయి వివరాలు అడుగుతూ సామాను సొంతమా, కిరాయా అంటే, కిరాయే అని అవ్వ తన నోటితో చెప్పింది. వాళ్లు అలాగే ఎక్కించుకున్నారు. ఇప్పుడు కంపెనీ పాత కిరాయి డిష్షులూ డబ్బాలూ అన్నీ వెనక్కి తీసుకుంటున్నది. అందుకే అతన్ని పంపారు. అవ్వ ఇవ్వనని తలుపు వేసేసరికి ఓపిక పోయి, కంపెనీ సామాను దాచుకుంటే ఊరుకోరని కాస్త గట్టిగా అన్నాడు. ఆ మాట వాడంతా విన్నది.

హన్మవ్వకు తగిలింది ఆ మాటే. కిరాయికున్నవాళ్లు మరిచిపోయి వెళ్లిన ఇనుప చెంచాను కూడా వెతికి పంపిన మనిషి ఆమె.

యాకూబు ఆమె పక్కన మెట్టు మీద కూర్చుని మెల్లగా అడిగాడు. "అవ్వా, కిరాయిదని నువ్వన్నవా?"

"అన్న."

"రూతు ఇచ్చింది గదా?"

"రూతే ఇచ్చింది. కిరాయి నేను కడ్తున్న. నెలనెలా కడ్తున్న. అబద్ధమెందుకు చెప్తా?"

యాకూబుకు ఆ రెండు మాటలూ ఎలా కలపాలో తోచలేదు. రూతు ఇచ్చిన డిష్షు ఏ గాలివానకో పాడైపోయి, అవ్వ దాని చోట కంపెనీది కిరాయికి పెట్టించుకుందా? తనకు చెబితే బాధపడతాడని దాచిందా? పైకెక్కి డిష్షు వెనక చూస్తే తేలిపోతుంది. కానీ చూశాక అక్కడ పేరు లేకపోతే? ఆ ఆలోచన రాగానే పైకెక్కడం మానుకున్నాడు. ఇక్కడ వాడ మధ్య తేల్చుకోవడం కంటే ఏజెన్సీ ఆఫీసుకే వచ్చి మాట్లాడతామని దేవేందర్‌తో అన్నాడు. దేవేందర్ తల ఊపి, చెప్పులేసుకుని, మళ్లీ వెనక్కి తిరిగి, ముందు అవ్వకు ఏమైనా తినిపించండి సార్ అని చెప్పి పోయాడు.

మర్నాడు హన్మవ్వ రూతు కుట్టిన జాకెట్టు తొడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని కామారెడ్డిలో బస్సు దిగింది. యాకూబు చేయి అందించబోతే వద్దంది. ఏజెన్సీ ఆఫీసు వాచ్‌మన్ ఆమెను చూసి తన కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె అందులో ఎంత నిటారుగా కూర్చుందంటే, ఆఫీసు ఆమెదే అనిపించింది. దేవేందర్ ఓ పక్కన నిలబడ్డాడు. బల్ల వెనక ఇన్‌ఛార్జి, కళ్లద్దాలు పెట్టుకున్న కొంచెం లావుపాటి మనిషి, కంప్యూటర్ చూసి చెప్పిందే మర్యాదగా మళ్లీ చెప్పాడు. కిరాయి అని ఉంది, మీరే చెప్పారని ఉంది, మేమేం చేయగలం అవ్వా అన్నాడు.

హన్మవ్వ వాదించలేదు. ఆమెకు మధ్యలో ఇంకేదో గుర్తొచ్చింది. సంచిలోంచి చిన్న ఫోన్ తీసి యాకూబు ముందు పెట్టింది.

"సారూ, మా పక్కింటి మంగవ్వకు ఫోన్ కొట్టు. బర్రెకు నీళ్లు పెట్టుమని చెప్పలే. నంబరు దీంట్ల ఉన్నది, నీ ఫోన్ల నుంచే కొట్టు, నా ఫోను కిరాయి నిన్ననే ఒడిసింది."

యాకూబు చేయి జేబు దాకా వెళ్లి ఆగింది.

"ఏందవ్వా? ఏం ఒడిసింది?"

"ఫోను కిరాయి."

"ఈ ఫోను ఎవలిది?"

"ఏందట్ల అడుగుతున్నవ్? నాదే. నీ ముంగటనే కొన్న గదా."

"నీదైతే మరి కిరాయి ఎవలకు?"

హన్మవ్వ అతన్ని జాలిగా చూసింది. అంత చదువుకున్న మనిషి ఇంత చిన్న సంగతి అడుగుతున్నాడేమిటని ఆ చూపు. "నెలనెలా కడితే కిరాయి గాక ఏమంటరు? ఫోను కిరాయి, కరెంటు కిరాయి, డిష్షు కిరాయి."

దేవేందర్ నేల చూపులు చూశాడు. ఇన్‌ఛార్జి కంప్యూటర్ వదిలి ముందుకు వంగాడు. "గ్యాసుకు సుత కిరాయేనా అవ్వా?"

"గ్యాసు కొనుక్కుంటం. గ్యాసుకు కిరాయేంది, పిచ్చి ముచ్చట" అంది హన్మవ్వ.

అక్కడున్న అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ యాకూబు నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఇల్లు కిరాయికిచ్చి బతికిన మనిషికి నెల తిరగ్గానే కట్టే ప్రతిదీ కిరాయే. నిన్న ఆమె రెండూ నిజమే చెప్పింది. రీఛార్జి అన్న మాట ఆమె నోట ఎన్నడూ పలకలేదు. తాను రాత్రంతా పడ్డ అనుమానానికి అతను లోలోపల ఆమెకు దండం పెట్టుకున్నాడు.

అయినా పని పూర్తి కాలేదు. మాట పొరపాటని ఒప్పుకుంటాను, కానీ సొంతమని ఎలా రాయను అన్నాడు ఇన్‌ఛార్జి. పాత వివరాలు రెండుసార్లు కంప్యూటర్లు మారడంలో పోయాయి. ఇంటింటికీ ఇలాంటి వాదనలే వస్తున్నాయి. పైవాళ్లు అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

"రూతు పేరుంది గదా ఎనుక" అంది హన్మవ్వ. "గిన్నెల దుకాణంల కొట్టిచ్చింది. డిష్షు బిగిచ్చే పిలగాడు నెత్తిన పెట్టుకోని తిరిగిండు, పాపం."

ఇన్‌ఛార్జి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపు హన్మవ్వనే చూశాడు.

"పుంటికూర పప్పు పెట్టింది నువ్వేనా అవ్వా?"

అద్దాలు తీసేసరికి యాకూబు కూడా గుర్తుపట్టాడు. భీమేష్. బజారంతా చూస్తుండగా డిష్షు మోసినా విసుక్కోని భీమేష్. ఇన్నేళ్లలో ఎన్ని డిష్షులు బిగించానో తెలియదు గానీ గిన్నెల దుకాణానికి మోసింది ఆ ఒక్కటే అన్నాడతను. రూతక్క ఎలా ఉందని అడిగాడు. యాకూబు చెప్పాడు. భీమేష్ కళ్లద్దాలు తీసుకుని చొక్కా అంచుతో తుడిచాడు. తర్వాత, రేపు ఆదివారమే, నేనే వస్తాను, చూసి ఫొటో తీసి పైకి పంపిస్తాను అన్నాడు. వేరే మనిషిని పంపొచ్చు. తానే వస్తాననడం యాకూబుకు చల్లగా తగిలింది.

ఆదివారం భీమేష్, దేవేందర్ మోటారుసైకిల్ మీద ఎల్లారెడ్డి వచ్చారు. హన్మవ్వ బొడ్లోంచి తాళంచెవి తీసి మెట్ల తలుపు తెరిచి, అందరికంటే ముందు తానే ఎక్కింది. కోతులు తిప్పిన డిష్షు ఓ పక్కకు ఒరిగి ఉంది. దేవేందర్ బోల్టులు వదులు చేసి దాన్ని మెల్లగా తిప్పి పట్టుకున్నాడు.

పేరుంది. చుక్కలు కొట్టిన చోట రంగు లేచి, వానలకు తుప్పు పట్టి, కొట్టిన నాటికంటే ఇప్పుడే ఎర్రగా, స్పష్టంగా కనిపిస్తున్నది. రూత్.

యాకూబు వేలితో ఆ చుక్కలు తడిమాడు. వేలు కిందికి జారిన చోట ఇంకేవో గరుకుగా తగిలాయి. వంగి చూశాడు. దుకాణదారు చేతి పని కాదది. మేకుతో, రాయితో ఎవరో కూర్చుని కొట్టినట్టు వంకరటింకర చుక్కలు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, చివరి అక్షరానికి చోటు చాలక పక్కకు జరిగింది. అతను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"ఏముంది సారూ?" అంది హన్మవ్వ. ఆమెకు చదువు రాదు.

"నీ పేరుంది అవ్వా."

"నా పేరా?"

"హన్మవ్వకు అని ఉంది. పైన రూత్, కింద హన్మవ్వకు."

హన్మవ్వ కొంగుతో మొహం తుడుచుకుని దగ్గరికి వచ్చింది. ఇల్లు ఖాళీ చేసే ముందు రోజు రూతు మిద్దె మీద ఒక్కతే కూర్చుని టకటక కొడుతుంటే, ఏం చేస్తున్నావని కిందినుంచి అరిచి అడిగిందట. కోతులకు భయం పెడుతున్న అవ్వా అని రూతు పైనుంచి చెప్పిందట. ఇన్నేళ్లూ ఆమె అదే అనుకుంది.

"ఏదీ, నా పేరు యాడ మొదలైతది?" అని అడిగింది.

యాకూబు ఆమె వేలు పట్టుకుని 'హ' మీద పెట్టాడు. అక్కడినుంచి చివరిదాకా ఆమె తానే తడుముకుంటూ పోయింది. భీమేష్ ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తి, ఆమె వేలు చివరికి చేరేదాకా ఆగి, అప్పుడు తీశాడు. ఒకరికి కానుకగా పెట్టిన సామాను మీదే ఇలా పేరు కొట్టిస్తారు, కిరాయి సామాను ఎవరూ ఎవరికీ పెట్టలేరు, ఇంక నేను ఎవరితోనైనా మాట్లాడగలను అన్నాడు. అక్కడే నిలబడి పైవాళ్లకు ఫోన్ చేసి, సొంతమని మార్పించాడు. యాకూబు ఆ మాటలు వింటూ డిష్షు చుట్టుపక్కల మిద్దెలన్నీ చూశాడు. ఎన్ని డిష్షులో. పేరున్నది ఇదొక్కటే. అది తన భార్య పేరు. అతనికి ఛాతీ నిండా గాలి పీల్చుకున్నట్టయింది.

కిందికి దిగాక హన్మవ్వ దేవేందర్‌ను గడప దగ్గర ఆపింది.

"మొన్న వాడ మధ్యల అన్నవ్ గదా కొడుకా. గిది సుత వాడ మధ్యలనే చెప్పు."

దేవేందర్ తడబడలేదు. వాకిట్లోకి నడిచి, ఈ డిష్షు హన్మవ్వ సొంతం, మొన్న నేనన్న మాట తప్పు అని అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఇంకింత గట్టిగ చెప్పు. ఆ మూలింట్ల ఎంకవ్వకు చెవుడు."

అతను నవ్వి మళ్లీ చెప్పాడు. ఎంకవ్వ తలుపులోంచి చేయి ఊపింది. తర్వాత అందరూ హన్మవ్వ వాకిట్లోనే జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిన్నారు. ఇంకో రొట్టె తినమని ఆమె భీమేష్‌ను గదమాయిస్తే అతను కాదనలేదు. తిన్నాక పైకెక్కి డిష్షును సరిచేసి, కోతులు ఊగినా కదలకుండా తీగ కట్టి దిగాడు.

పొద్దుగూకేసరికి వాళ్లు వెళ్లిపోయారు. చివరి బస్సుకు పోతానని యాకూబు లేస్తే హన్మవ్వ వినలేదు. వాళ్లు ఒకప్పుడు ఉన్న పై వాటా ఈ మధ్యనే ఖాళీ అయింది. ఊడ్చి, చాప, తలకింద మెత్త వేసి వచ్చింది. కింది గదిలో టీవీలో బొమ్మ నిలకడగా ఉంది. ఇద్దరూ కాసేపు చూశారు. ఏం చూశారో ఇద్దరికీ పట్టలేదు.

యాకూబు పడుకోవడానికి లేచి, నవ్వుతూ అడిగాడు. "ఈ రాత్రికి కిరాయి ఎంత అవ్వా?"

"పో సారూ, పండుకో పో" అంది ఆమె.

అతను మెట్లెక్కుతుంటే కింద ఆమె టీవీ ఆపడం, చెప్పులు లోపల పెట్టడం వినిపించింది. మూడు రోజులుగా తాళం వేసి ఉంచిన మెట్ల తలుపు దగ్గరికి వచ్చి, గొళ్లేనికి వేలాడుతున్న తాళం తీసి గూట్లో పెట్టింది. పైన పడుకున్న మనిషికి చప్పుడు కాకుండా తలుపు రెక్కను చేత్తో పట్టుకుని, మెల్లగా దగ్గరికి వేసింది.